ట్రే ఫ్లిప్: నింద ముందు కాలికి, తప్పు వెనక కాలిది

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 31 ఏళ్ళు. మూడేళ్ళుగా స్కేట్‌బోర్డింగ్ చేస్తున్నాను. ఓలీ (బోర్డుతో పాటు గాల్లోకి ఎగరడం), పాప్ షవ్-ఇట్ (ఎగిరి బోర్డుని అడ్డంగా సగం చుట్టు తిప్పడం), కిక్‌ఫ్లిప్ (బోర్డుని పొడవు వెంట ఒక పల్టీ కొట్టించడం) వచ్చు. కిక్‌ఫ్లిప్ అయితే పదింటికి ఏడెనిమిది ల్యాండ్ అవుతాయి. ఎనిమిది నెలలుగా ట్రే ఫ్లిప్ (ఆ పల్టీతో పాటు బోర్డు ఒక పూర్తి చుట్టు తిరగడం) కోసం తంటాలు పడుతున్నాను, ఒక్కటీ రాలేదు. ముందు కాలు ఎక్కడ పెట్టాలో రోజూ మారుస్తూనే ఉన్నాను. ముందు చక్రాల బోల్టుల పక్కన పెట్టి చూశాను, మధ్యలోకి జరిపి చూశాను. ముందు కాలితో గట్టిగా తంతే బోర్డు దూరంగా ఎగిరిపోతుంది. మెల్లగా తంతే సగం తిరిగి నాకే తగులుతుంది. ఎప్పుడైనా పూర్తిగా తిరిగినా ముందు కాలు ఒక్కటే బోర్డు మీద పడుతుంది, వెనక కాలు నేల మీదే ఉంటుంది. ముందు కాలి చీలమండ తిప్పడంలో ఏమైనా తప్పుందా? నా బోర్డు 8.5 అంగుళాలది, సన్నది కొనాలా? నాతో పాటు స్కేట్ చేసే 15 ఏళ్ళ కుర్రాడు మూడు వారాల్లో నేర్చేసుకున్నాడు. ఈ వయసులో నాకిక రాదేమో అనిపిస్తోంది. మొదట్లో ఒకసారి బోర్డు అంచు మోకాలి కింద ఎముకకి తగిలి రక్తం వచ్చింది, అప్పటినుంచి కొంచెం టెన్షన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను. అందులో ముందు కాలు నాలుగుసార్లు వచ్చింది. వెనక కాలు ఒకే ఒక్కసారి, అదీ నేల మీద నిలబడి ఉండగా! ఎనిమిది నెలల కష్టం ఎటు పోయిందో నాకు అక్కడే అర్థమైంది.

ట్రే ఫ్లిప్ వెనక కాలితో చేసే ట్రిక్కు. కిక్‌ఫ్లిప్ బాగా కుదిరినవాళ్ళే దీని దగ్గర ఎక్కువ రోజులు ఇరుక్కుపోవడం చూశాను. కిక్‌ఫ్లిప్‌లో అసలు పని జరిగేది ముందు పాదం అంచున. అది కుదిరాక ఏ ఫ్లిప్ అయినా ముందు కాలే తిప్పుతుందని ఒంటికి అలవాటైపోతుంది. ట్రే ఫ్లిప్ రాకపోతే ఆ కాలినే ఇంకో అంగుళం అటు, ఇంకో అంగుళం ఇటు జరుపుతాం. నేను ఏడాది పాటు జరిపాను. బోర్డు పైన అంటించే గరుకు పట్టీ, గ్రిప్ టేప్ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని మరీ జరిపాను. చివరికి ఒక స్నేహితుడు విసుగొచ్చి, వెనక నుంచి ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి చూపించాడు. ముందు కాలు గాల్లో ఏదో నాట్యం చేస్తోంది. వెనక కాలు మాత్రం టెయిల్‌ని, అంటే బోర్డు వెనక కొసని, ఒక్క దెబ్బ కొట్టి, ఊతకర్రలా నేల మీద నిటారుగా నిలబడిపోయింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ వీడియోనే గుర్తొచ్చింది.

నమ్మకం కుదరకపోతే ఒక అడుగు స్కేలు చేతిలోకి తీసుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, చెక్కదో స్టీలుదో అయితే బరువు తెలుస్తుంది. మధ్యలో రెండు వేళ్ళతో పట్టుకుని, పెన్సిల్ దొర్లించినట్టు దొర్లించండి. వేళ్ళ కొసలే చాలు. ఇప్పుడు అదే స్కేలుని ఫ్యాను రెక్కలా గిర్రున తిప్పండి. మణికట్టు కదలక తప్పదు, తిరిగేదాన్ని ఆపాలన్నా కాస్త బలం కావాలి. బరువు మధ్యకి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. బోర్డు పొడవు 31, 32 అంగుళాలు, వెడల్పు 8 చిల్లర. నోస్ (ముందు కొస), టెయిల్ రెండూ మధ్యకి దూరంగా ఉన్నాయి, ట్రక్కులూ (చక్రాలు బిగించే ఇరుసులు) చక్రాలూ చెరో వైపు కూర్చున్నాయి. అందుకే బోర్డుని పల్టీ కొట్టించడం తేలిక, చుట్టు తిప్పడం బరువు. ట్రే ఫ్లిప్‌లో రెండూ ఒకేసారి కావాలి. పొడవు వెంట ఒక పూర్తి పల్టీ, అడ్డంగా 360 డిగ్రీల చుట్టు. ఒక అడుగు ఎత్తు ఎగిరితే గాల్లో ఉండేది సుమారు అరసెకను. ఆ అరసెకనులో బరువైన పని ఏ కాలికి అప్పగించాలి? టెయిల్ మీద, మధ్యకి బాగా దూరంగా ఉన్నదానికి. ముందు కాలు దాదాపు బోర్డు మధ్యలో ఉంటుంది. తలుపుని బందుల పక్కన చెయ్యి పెట్టి నెట్టేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?

ఈ ట్రిక్కుని కనిపెట్టింది రాడ్నీ ములెన్ అనే అమెరికన్, 1980ల్లో. ర్యాంపులూ బౌళ్ళూ ఏమీ లేకుండా చదును నేల మీద ఆడే ఫ్రీస్టైల్ ఆయనది. ఈరోజు మనం చేసే ఫ్లిప్‌లలో చాలావాటికి మూలం ఆయన పాదాలే, మీ కిక్‌ఫ్లిప్‌తో సహా. 1990ల మొదట్లో జేసన్ లీ అనే స్కేటర్ వీధుల్లో ట్రే ఫ్లిప్ చేసిన తీరు చూసి ఒక తరం మొత్తం దాని వెంట పడింది. ఆయన తర్వాత సినిమా నటుడయ్యాడు, అది వేరే కథ. ఆయన పాత క్లిప్పులు దొరికితే చూడండి. కింద బోర్డు గిర్రున తిరుగుతుంటే పైన మనిషి బస్సు కోసం ఎదురుచూస్తున్నంత తీరిగ్గా ఉంటాడు. ముందు కాలికి తొందరే లేదు. వెనక కాలు అప్పటికే పని ముగించేసింది మరి.

వెనక పాదం ఎక్కడ పెట్టాలో చూద్దాం. ఓలీకి పెట్టినట్టు టెయిల్ నడిమధ్యన మాత్రం కాదు. బోర్డు మీద నిలబడితే ఒక అంచు మీ వేళ్ళ వైపు, ఇంకో అంచు మడమల వైపు ఉంటుంది కదా. టెయిల్ పైకి లేవడం మొదలైన చోట, వేళ్ళ వైపు అంచు గుండ్రంగా తిరిగే దగ్గర ఒక మూల ఉంటుంది. బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే భాగం ఆ మూల మీద ఆనాలి. వేళ్ళ కొసలు అంచు దాటి కాస్త బయటికి రావాలి. మడమ గాల్లో ఉండాలి. ఇలా నిలబడితే మొదట్లో ఎవరైనా తోస్తే పడిపోయేలా ఉంటుంది. ఆ ఇబ్బంది ఉండాల్సిందే. హాయిగా నిలబడగలుగుతున్నారంటే పాదం ఇంకా ఓలీ చోటే ఉందన్నమాట.

అక్కడి నుంచి చేసేది తన్నడం కాదు, ఈడ్చడం. స్కేటర్లు దీన్ని స్కూప్ అంటారు. చెప్పు బురదలో దిగబడిపోతే ఏం చేస్తాం? వేళ్ళు ముడుచుకుని, పాదాన్ని నొక్కిపట్టి వెనక్కి ఈడుస్తాం. అదే కదలిక, కాకపోతే చాలా వేగంగా. టెయిల్‌ని నేలకి నొక్కుతూనే మీ వీపు వైపుకి ఈడ్చి, చివరలో ముందు కాలి వైపుకి కాస్త చుట్టండి. పాదం గీసే గీత కొడవలిలా వంపు తిరిగి ఉండాలి. చిన్నప్పుడు బొంగరం ఆడి ఉంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. విసరడం ఎవరైనా విసురుతారు. బొంగరానికి తిరుగుడు వచ్చేది చివరలో తాడుని వెనక్కి గుంజినప్పుడు. ఆ గుంజుడు లేకపోతే అది రాయిలా పడుతుంది. మీరు టెయిల్‌ని విసురుతున్నారు, గుంజడం లేదు.

ఇది చెవితో కూడా కనిపెట్టొచ్చు. మంచి ఓలీకి టెయిల్ టక్కుమని ఒక్క దెబ్బ కొడుతుంది. ట్రే ఫ్లిప్‌కి ఆ టక్కుతో పాటు చిన్న గీరుడు వినిపిస్తుంది, టెయిల్ కొస నేలని ఒరుసుకుంటూ పక్కకి జారిన చప్పుడు. ఎవరూ లేని చోట, ఇయర్‌ఫోన్లు తీసేసి నాలుగుసార్లు చేయండి. ఉత్త టక్కే వినిపిస్తుంటే మీ కాలు ఇంకా ఓలీ ధ్యాసలోనే ఉంది.

మరి ముందు కాలికి ఏం పని? చాలా చిన్న పని. ముందు బోల్టులకి కాస్త వెనకగా పెట్టి, వేళ్ళు కొంచెం నోస్ వైపు తిప్పి, మడమని అంచు బయటికి వదలండి. దాదాపు మీ కిక్‌ఫ్లిప్ చోటే, కావాలంటే ఇంకో అంగుళం వెనకకి. ఇక ఆ కొలతలు మర్చిపోండి. స్కూప్ సరిగ్గా పడితే బోర్డు చుట్టు తిరుగుతూనే పల్టీ అందుకోవడం మొదలుపెడుతుంది. ముందు పాదం అగ్గిపుల్ల గీసినట్టు నోస్ దగ్గర మడమ వైపు అంచుని ఒకసారి గీరి తప్పుకుంటే చాలు. అగ్గిపుల్లని ఎవరూ బలం కొద్దీ గీయరు, విరిగిపోతుంది. గీరడం కన్నా తప్పుకోవడమే ముఖ్యం. మోకాలు పైకి లేచి బోర్డుకి దారి ఇవ్వాలి. మీ చీలమండకి వచ్చిన లోపమేమీ లేదు, పదికి ఏడెనిమిది కిక్‌ఫ్లిప్‌లు దిగే చీలమండ అది.

మీరు రాసిన రెండు లక్షణాలకీ కారణం ఇదే. గట్టిగా తంతే దూరంగా పోతోందన్నారు. తన్నినది తన్నిన వైపే పోతుంది మరి. మెల్లగా తంతే సగమే తిరుగుతోందన్నారు. అంటే వచ్చిన ఆ సగం చుట్టు కూడా తన్ను వల్ల వచ్చిందే, వెనక కాలు ఏమీ ఇవ్వలేదు. ఉన్న ఒక్క కాలితో రెండు పనులు చేయిస్తున్నారు కాబట్టి ఎంత బలం పెట్టినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అవుతూనే ఉంటుంది.

మీకు వచ్చిన ట్రిక్కుల్లో నాకు ఒక ఖాళీ కనిపించింది. పాప్ షవ్-ఇట్ ఉంది, అది 180 డిగ్రీలు. 360 షవ్-ఇట్ లేదు. ట్రే ఫ్లిప్ అంటే 360 షవ్-ఇట్, కిక్‌ఫ్లిప్ కలిపి వండిన ట్రిక్కు. మీ దగ్గర రెండో సరుకు ఉంది, మొదటిది సగమే ఉంది. కాబట్టి రెండు వారాలు ట్రే ఫ్లిప్ పేరెత్తకండి. నిజంగానే, ఒక్కసారి కూడా ప్రయత్నించకండి. ముందు కాలు బోర్డు మధ్యలో తేలిగ్గా ఆనించండి, వెనక కాలితో స్కూప్ చేయండి, రెండు కాళ్ళూ నేల మీద దిగిపోండి. బోర్డు మీదకి తిరిగి రావాల్సిన పని లేదు. దిగాక చూడాల్సింది ఒక్కటే, నోస్ ఎటు చూస్తోంది? తేడా తెలియడానికి నోస్ అడుగున, పైన కూడా రంగు టేపు ముక్క అంటించుకోండి. టేపు మళ్ళీ మొదట ఉన్న వైపే ఉంటే చుట్టు పూర్తయింది. మొదటి రోజుల్లో నా టేపు ఎప్పుడూ పక్కకే చూసేది, అంటే 270 దగ్గర ఆగిపోయేది. అలా ఆగిపోతుంటే బలం పెంచకండి, పాదం గీసే కొడవలి పొడవు పెంచండి. బలం పెంచితే బోర్డు పోయి ఎవరి కాళ్ళకో తగులుతుంది.

చుట్టు వరసగా పదిసార్లు పూర్తయ్యాక అగ్గిపుల్ల గీయడం కలపండి. అప్పుడూ నేల మీదే దిగండి. బోర్డు చుట్టు తిరిగి, పల్టీ కొట్టి, మీ పక్కన చక్రాల మీద పడిందనుకోండి, అది ట్రే ఫ్లిప్పే. దాని మీద మీరు లేరంతే. నాకు ఇది మొదటిసారి జరిగినప్పుడు బోర్డు తనంతట తాను చేసినట్టే అనిపించింది, ముందు కాలు ఏం చేసిందో కూడా గుర్తు లేదు. మీకూ అలా అనిపించిన రోజు ఆ కదలికని వదలొద్దు, వెంటనే ఇంకో ఐదు చేయండి.

మధ్యలో వేరియల్ కిక్‌ఫ్లిప్ నేర్చుకోమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. చెప్పే ఉంటారు కూడా. అది 180 షవ్-ఇట్, కిక్‌ఫ్లిప్ కలయిక. వస్తే మంచిదే, కానీ ట్రే ఫ్లిప్‌కి అది మెట్టు అని నేననుకోను. వేరియల్‌లో వెనక కాలు సగం పని చేసినా ముందు కాలు తన్ని నెట్టుకొచ్చేస్తుంది. మీ రోగానికి అది మందు కాదు, పత్యం చెడగొట్టడం.

నిలబడిన బోర్డు మీద కాకుండా, నడక వేగంతో కదులుతూ చేయడం అలవాటు చేసుకోండి. కదలని బోర్డు మీద నేర్చుకుంటే శరీరం వెనక్కి వాలి ఎగరడం అలవాటవుతుంది, తర్వాత వదిలించుకోవడం తలనొప్పి. గడ్డి మీద, కార్పెట్ మీద చేసే సాధన ధైర్యం రావడానికి ఒకటి రెండు రోజులు పనికొస్తుంది. అంతకు మించి వద్దు. గడ్డిలో టెయిల్ కూరుకుపోతుంది, నేల మీద దొరికే ఆ ఒరుపు దొరకదు, స్కూప్ చేయడం పాదానికి తెలియనే తెలియదు.

ఇప్పుడు ఒంటికాలి సంగతి. మీరు దీన్ని చివరి అడుగులో వచ్చే లోపంలా రాశారు. నాకు తెలిసినంతలో అది ఎగరకముందే జరిగే తప్పు. వెనక కాలు నేల మీద ఉండిపోతోందంటే అది అసలు పైకి లేవలేదు. టెయిల్‌ని కొట్టి అక్కడే ఊతంగా ఆగిపోయింది. స్కూప్‌లో పాదం వెనక్కి పోయాక మోకాలు ముడుచుకుని మళ్ళీ నడుము కిందికి రావాలి. కొడవలి గీత గీసిన పాదం ఆ గీత చివర పైకి లేవాలి. దీనికి భుజాలు కూడా కారణం కావచ్చు. స్కూప్ చేసే తొందరలో ముందు భుజం తెరుచుకుని ఛాతీ నోస్ వైపు తిరిగిపోతుంది. అప్పుడు వెనక తుంటి అక్కడే ఉండిపోతుంది, కాలూ దానితోనే ఉండిపోతుంది. భుజాలు రెండూ బోర్డు పొడవుకి సమాంతరంగా ఉంచండి. వీడియోలో మొదట భుజాలనే చూడండి, పాదాలు తర్వాత.

ఇంకొకటి, స్కూప్ బోర్డుని మడమల వైపుకి కాస్త లాగుతుంది. అందుకని మీరూ ఎగిరేటప్పుడు రెండు మూడు అంగుళాలు వెనక్కి ఎగరాలి. నిట్టనిలువుగా ఎగిరితే బోర్డు వెనక, మీరు ముందు. అప్పుడు ఒక కాలు అందుకుంటుంది, ఇంకోటి అందుకోదు.

ఒంటికాలితో దిగడం క్షేమం అనిపిస్తుంది కానీ, నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం అదే. ఒక కాలు కదలని నేల మీద, ఇంకోటి చక్రాలున్న చెక్క మీద. చెక్క ముందుకు జారిపోతుంది, మనిషి రెండుగా చీలినట్టు సాగిపోతాడు. గజ్జల దగ్గర కండరం పట్టేస్తుంది, మోకాలు మెలిపడుతుంది. రెండు కాళ్ళూ బోర్డు మీద పడి బోర్డు జారిపోయినా వెనక్కో పక్కకో కూలబడతారు, దులుపుకుని లేస్తారు. రెండూ నేల మీద పడితే అసలు గొడవే లేదు. కాబట్టి ఎగరకముందే తేల్చుకోండి, ఈసారి రెండూ పైనా, రెండూ కిందా. గాల్లోకి వెళ్ళాక నిర్ణయించుకుందాం అనుకుంటే ఆ అరసెకనులో ముందు కాలు అవునంటుంది, వెనక కాలు వద్దంటుంది. మీ ఉత్తరంలో కనిపించేది అదే.

రెండూ పైన అనుకున్న రోజున మొదటి కొన్నిసార్లు బోర్డు అడ్డంగా, అంచు మీద నిలబడి ఉండగా దాని మీద దిగుతారు. దాన్ని ప్రైమో అంటారు. పాదాల కింద నొప్పి బాగానే ఉంటుంది. కానీ ప్రైమోలు మొదలయ్యాయంటే ఒక లెక్కన శుభవార్తే, బోర్డు మీ కింద ఉంటోంది, మీరు దాని పైన ఉంటున్నారు. పల్టీ పావు వంతు తక్కువో ఎక్కువో అవుతోంది, అగ్గిపుల్ల గీత కొంచెం మార్చుకోవాలి.

టెన్షన్ ఉందన్నారు, ఉంటుంది. ఎముక మీద బోర్డు అంచు తగిలిన నొప్పిని ఒళ్ళు మర్చిపోదు, మనసు మర్చిపోయినా. దానికి ధైర్యం నూరిపోసుకోవడం కన్నా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు సాక్సు లోపల పెట్టుకునే షిన్ గార్డులు మేలు. ఒక నెల పెట్టుకోండి. పైకి కనిపించవు, కనిపించినా నవ్వేవాళ్ళకి మోకాలి కింద ఎముక లేనట్టే. హెల్మెట్ ఎలాగూ ఉండాలి. మణికట్టు గార్డుల విషయంలో నాకు కాస్త చాదస్తం ఉంది, కారణం చెప్తాను. నా మణికట్టు విరిగింది ఏ పెద్ద ట్రిక్కులోనూ కాదు. ఆరోజు ప్రయత్నాలన్నీ అయిపోయాక, ఇంటికి పోతూ ఊరికే దొర్లుతుంటే చిన్న రాయి చక్రం కింద పడింది. నేను ముందుకు పడ్డాను, రెండు చేతులూ చాచి నేలకి ఆన్చాను. ఆరు వారాలు కట్టు. పడేటప్పుడు చేతులు చాచకూడదని నాకు తెలుసు, ఇంకొకరికి చెప్పేవాణ్ణి కూడా. మోచేతులు వంచి, భుజం మీదుగా దొర్లాలి. ఇది చదివితే రాదు. గడ్డి మీద రోజూ నాలుగుసార్లు కావాలని పడి, దొర్లి అలవాటు చేసుకోవాలి. చీలమండ వాచి, దాని మీద బరువు వేసి నాలుగు అడుగులు నడవలేకపోతే మాత్రం ఐసు పెట్టుకుని చూద్దాంలే అనుకోకండి, డాక్టర్‌కి చూపించండి.

బోర్డు గురించి అడిగారు. 8.5 అంగుళాలది 8 అంగుళాలదాని కన్నా కాస్త మెల్లగా పల్టీ కొడుతుంది, నిజమే. కానీ మీ ఇబ్బంది పల్టీలో లేదు, చుట్టులో ఉంది. ఇప్పుడు సన్నది కొంటే రెండు వారాలు కొత్త బోర్డు మీద కాళ్ళు కుదురుకోవడానికే పోతాయి, పైగా మీకు బాగా వచ్చిన కిక్‌ఫ్లిప్ కూడా తడబడుతుంది. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే టెయిల్ చూసుకోండి. కొస అరిగి కత్తి అంచులా పలచబడితే, లేదా చెక్క వానలో తడిసి మెత్తబడితే డెక్ (బోర్డు చెక్క) మార్చండి, అదే వెడల్పులో. అలాంటి టెయిల్ స్కూప్‌ని మింగేస్తుంది. ట్రక్కులు మరీ వదులుగా ఉంటే ఆ మూల మీద వెనక పాదం నొక్కగానే బోర్డు పక్కకి తిరిగిపోతుంది, పావు చుట్టు బిగించి చూడండి. ఇంతకు మించి సామాను జోలికి పోవద్దు.

వయసు సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పార్క్ స్కేట్‌బోర్డింగ్ మగవాళ్ళ పోటీలో బ్రిటన్ తరఫున దిగిన ఆండీ మెక్‌డొనాల్డ్‌కి అప్పుడు 51 ఏళ్ళు. అవే ఆటల్లో ఆడవాళ్ళ పార్క్ పోటీలో స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి అరిసా ట్రూకి 14. ఇద్దరూ ఒకే కాంక్రీటు మీద స్కేట్ చేశారు. 31 దగ్గర నిలబడి మీరు ఎటు చూసి దిగులు పడుతున్నారో నాకు తెలియడం లేదు. ఇక ఆ కుర్రాడు మూడు వారాల్లో నేర్చుకోవడానికి ఎముకల వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు. అతనికి కిక్‌ఫ్లిప్ ఎప్పుడు వచ్చిందో అడగండి. కొత్తగా వచ్చి ఉంటే ముందు కాలి అలవాటు అతనికి ఇంకా ముదరలేదు, వదిలించుకోవాల్సింది తక్కువ. ఇంకా మంచి పని ఏమిటంటే, అతన్ని మీ ముందు పది ట్రే ఫ్లిప్‌లు చేయమని, వెనక కాలు మాత్రమే చూస్తూ కూర్చోండి. 15 ఏళ్ళవాణ్ణి అడగడానికి మొహమాటం పడకండి, ఆ వయసులో పెద్దవాళ్ళకి నేర్పమంటే వాళ్ళకంత ఆనందం ఇంకోటి ఉండదు.

వయసుకి తేడా వచ్చేది ఒక్కచోటే, కోలుకోవడంలో. అతను రెండు గంటలు చేసి మర్నాడు మళ్ళీ వస్తాడు. మీరు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకుని, 30, 40 ప్రయత్నాలు చేసి ఆపేయండి. కాళ్ళు బరువెక్కాక చేసే ప్రయత్నాల్లో మొదట చచ్చేది స్కూప్. పాదం బద్ధకించి మళ్ళీ టక్కుమని కొట్టేస్తుంది, అలసిన ముందు కాలు మళ్ళీ తన్నడం మొదలుపెడుతుంది. అలా చేసిన గంట వల్ల రానిది పోగా వచ్చింది కూడా పోతుంది. ఆపాలనుకున్నప్పుడు ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపిస్తుంది చూడండి, నాకు తెలిసిన చాలా గాయాలు ఆ ఇంకొక్కటి దగ్గరే అయ్యాయి. చివర రెండు కిక్‌ఫ్లిప్‌లు చేసుకుని ఇంటికి పోండి.

రెండు వారాల తర్వాత నాకు మళ్ళీ రాయండి, వీడియో కూడా పంపండి. వెనక నుంచి, ఫోన్ నేల మీద ఆనించి, స్లో మోషన్‌లో. మీ ముఖం కనిపించనక్కర్లేదు, భుజాల నుంచి కిందికి చాలు. టేపు ముక్క మాత్రం కనిపించాలి. ముదురు రంగు గ్రిప్ మీద పసుపు టేపు బాగా తెలుస్తుంది.